రెండు పసుపు బిళ్లలు

మా అత్తయ్య సోమవారం రాత్రి భోజనం అయ్యాక మూడు చిన్న పసుపు బిళ్లలు వేసుకుంటుంది. మళ్లీ సోమవారం దాకా వాటిని ముట్టుకోకూడదు. బుధవారం ఇంకో పసుపు బిళ్ల వేసుకుంటుంది. రెండూ చూడ్డానికి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి, కానీ ఒకటి చేసే పనిని రెండోది అడ్డుకుంటుంది. సోమవారం బిళ్ల మెథోట్రెక్సేట్, బుధవారం బిళ్ల ఫోలిక్ యాసిడ్. ఆవిడకి కీళ్లవాతం.

వాళ్లుండేది నందినిలో. భిలాయ్ ఉక్కు కర్మాగారానికి సున్నపురాయి పంపే గనుల ఊరు అది. మామయ్య శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఆ గనుల్లో షావెల్ నడిపి రిటైరయ్యాడు. ఊరికి తిరిగి వెళ్లిపోదామనుకుంటూనే అహివారా వైపు చిన్న ఇల్లు కట్టేసుకున్నారు. ఇంట్లో తెలుగు, గడప దాటితే ఛత్తీస్‌గఢీ, డాక్టరు దగ్గర హిందీ. అత్తయ్య మాత్రం ఎక్కడైనా శ్రీకాకుళమే మాట్లాడుతుంది.

మందు మొదలుపెట్టిన కొత్తలో ఒక సోమవారం ఆ మూడు బిళ్లల్నీ అరచేతిలో పెట్టుకుని నన్ను అడిగింది.

"ఒరే నాన్నా, మింగితే ఇది పొట్టలోకి కదా వెళ్తాది. నా మోకాళ్లు ఎక్కడున్నాయో దీనికెలాగ తెలుస్తాదిరా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. రాత్రి పడుకున్నాక ఆలోచిస్తే అది నవ్వాల్సిన ప్రశ్న కాదనిపించింది. మందుల శాస్త్రం పుట్టింది ఈ ప్రశ్నలోంచే. పైగా ఆవిడ చేతిలో ఉన్న బిళ్ల కథలో ఒక భీమవరం మనిషి ఉన్నాడు.

ముందు జవాబు చెప్పేస్తాను. దానికి తెలియదు. ఏ మందుకీ తెలియదు. పేగుల్లోంచి నెత్తుట్లో కలుస్తుంది, కాలేయం గుండా పోతుంది, గుండె నెట్టినచోటికల్లా తిరుగుతుంది. మోకాలికీ వెళ్తుంది, చెవి తమ్మెకీ వెళ్తుంది. ఎక్కడ పట్టు దొరికితే అక్కడ అంటుకుంటుంది, దొరకనిచోట దారిన పోతుంది. చివరికి కాలేయమో మూత్రపిండాలో బయటికి పంపేస్తాయి.

మామయ్యకి ఈ సంగతి రాయి భాషలో చెప్పాల్సి వచ్చింది. నందిని రాయి భిలాయ్ వెళ్లి ఏం చేస్తుంది? ఉక్కు అవదు. బ్లాస్ట్ ఫర్నేసులో కాలి సున్నమై, ఇనపరాయిలోని ఇసక మలినాన్ని పట్టుకుని, స్లాగై పైకి తేలుతుంది. కొలిమిలో మలినం ఎక్కడుందో రాయి వెతకదు. రెంటికీ పొత్తు కుదురుతుంది, అంతే. "మరి అలా చెప్పొచ్చు కదా" అన్నాడు మామయ్య, ఇన్నాళ్లూ నేనే దాచినట్టు.

ఈ 'అంటుకోవడం' అన్న ఆలోచన గట్టిగా పట్టుకున్నవాడు పాల్ ఎర్లిక్ అనే జర్మన్ వైద్యుడు. కుర్రతనం నుంచీ ఆయనకి రంగుల పిచ్చి. కణజాలం మీద రంగు వేస్తే కొన్ని భాగాలకే ఎందుకు పడుతుందన్నది ఆయన సందేహం. మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు నరాలకి బాగా పట్టింది. రంగు ఒకచోట పట్టి ఇంకోచోట పట్టకపోతే, విషం కూడా క్రిమికి పట్టి మనిషికి పట్టకుండా ఉండొచ్చు కదా! అంటుకోని పదార్థం పనిచేయదని ఆయన సూత్రం కట్టాడు. 1909లో సహచరుడు హతాతో కలిసి సిఫిలిస్ మీద పనిచేసే ఆర్సెనిక్ మందు పట్టాడు. అదే సల్వర్సాన్. అంతకుముందే, 1894లో, ఎమిల్ ఫిషర్ ఎంజైముకీ అది పనిచేసే పదార్థానికీ ఉన్న సంబంధాన్ని తాళం, తాళంచెవితో పోల్చాడు. 1905లో ఇంగ్లండులో లాంగ్లీ అనే ఆయన, కండరం మీద మందుని అందుకునే పదార్థం ఏదో ఉండాలన్నాడు. ఇప్పుడు రిసెప్టర్ అంటున్నది దాన్నే.

అయితే తాళంలో చెవి పట్టడం ఒక్కటే చాలదు. పట్టి తిరిగితే తలుపు తెరుచుకుంటుంది. పట్టి తిరగకుండా ఇరుక్కుంటే తలుపు మూతబడుతుంది, అసలు చెవికి కూడా చోటుండదు. ఈ రెండో రకం సంగతి బాగా బయటపడింది ఒక ఎర్రరంగు వల్ల.

1930లలో జర్మనీలో గెర్హార్డ్ డోమాక్ ప్రోంటోసిల్ అనే రంగు మందు ఎలకల మీద పరీక్షించాడు. ప్రాణాంతకమైన క్రిములు ఎక్కించిన ఎలకలు ఆ మందుతో బతికాయి. చిత్రమేమంటే గాజు గొట్టంలో అదే మందు అవే క్రిముల మీద వేస్తే ఏమీ కాలేదు. 1935లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థవాళ్లు గుట్టు విప్పారు. ఒంట్లోకి వెళ్లాక ఆ రంగు రెండు ముక్కలవుతోంది. పనిచేసేది రంగు లేని ముక్క సల్ఫనిలమైడ్. అంటే మనం మింగింది ఒకటి, పనిచేసింది ఇంకొకటి. తయారీలో సగం శరీరమే చేసుకుంది.

మరి ఆ ముక్క క్రిమిని ఎలా ఆపుతుంది? 1940లో లండన్‌లో డొనాల్డ్ వుడ్స్ ఒక సంగతి గమనించాడు. ఈస్టు సారం కలిపితే సల్ఫా మందు పనిచేయడం మానేస్తోంది. ఆ సారంలో ఉన్నది పారా అమినో బెంజోయిక్ ఆమ్లం అని తేల్చాడు. సల్ఫా ముక్కా అదీ పక్కపక్కన పెడితే కవలల్లా ఉంటాయి. క్రిమి తన తిండి అనుకుని సల్ఫాని తీసుకుంటోంది, దాంతో పని సాగక ఆగిపోతోంది. ఆ ఆమ్లం క్రిమికి దేనికి కావాలో అప్పటికి తెలియదు. ఆ జవాబు ఫోలిక్ యాసిడ్ దగ్గర దొరికింది. మన కథ అక్కడికే వెళ్తోంది.

1895 జనవరి 12న భీమవరంలో యల్లాప్రగడ సుబ్బారావు పుట్టాడు. ఇంట్లో లేమి. పదమూడేళ్లప్పుడు కాశీ వెళ్లి యాత్రికులకి అరటిపళ్లు అమ్ముకుని డబ్బు గడిస్తానని పారిపోయాడు. తల్లి వెంకమ్మ వెనక్కి పట్టుకొచ్చి చదువుకి కూర్చోబెట్టింది. మెట్రిక్యులేషన్ మూడోసారికి గట్టెక్కాడు. ఇంత మొండి చదువు చదివి మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. గాంధీ పిలుపు విని ఆపరేషన్ గదిలోకి ఖద్దరు తొడుక్కెళ్లాడు. సర్జరీ ప్రొఫెసర్‌కి అది నచ్చలేదు. మిగతా పేపర్లు బాగా రాసినా ఎంబీబీఎస్ దక్కలేదు, అంతకన్న చిన్నదైన ఎల్ఎంఎస్ చేతిలో పెట్టారు.

ఈలోగా ఇంట్లో చావులు. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే జబ్బుతో కొద్దికాలం తేడాలో పోయారు. పేగులు తిన్నది పట్టుకోలేక, మనిషి రక్తం లేక పాలిపోయి, ఎండి పోయే రోగం అది. ఆయనకీ వచ్చింది. ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి చికిత్సతో బతికి బయటపడ్డాడు. తర్వాత ఆ లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే పాఠాలు చెప్పాడు. ఇంగ్లీషు వైద్యం చదివిన మనిషి మూలికల కళాశాలలో కూర్చుని ఈ రోగానికి మందు ఏమిటా అని ఆలోచించడం నాకు ఈ కథలో బాగా ఇష్టమైన భాగం. తర్వాత ఆయన చేసిన పనుల్లో ఈ మొండితనం కనిపిస్తూనే ఉంటుంది.

1922లో అమెరికా వెళ్లాడు. మామగారి సాయం, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయం. హార్వర్డులో చదువు. పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రి పనివాడు. సైరస్ ఫిస్క్ దగ్గర చేరి, నెత్తుట్లో, కణాల్లో భాస్వరం ఎంతుందో నీలం రంగు తేల్చి కొలిచే పద్ధతి కట్టాడు. 1925లో అచ్చయిన ఆ ఫిస్క్-సుబ్బారావ్ పద్ధతి బయోకెమిస్ట్రీ విద్యార్థులకి ఇప్పటికీ తెలుసు. ఆ కొలత చేతికొచ్చాక కండరంలో ఫాస్ఫోక్రియాటిన్, ఆ వెనకే కణాలకి శక్తినిచ్చే ఏటీపీ బయటపడ్డాయి. ఏటీపీని అదే సమయంలో జర్మనీలో లోమాన్ కూడా పట్టుకున్నాడు. ఇంత చేసినా హార్వర్డులో స్థిరమైన కుర్చీ దొరకలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లిపోయాడు, కొద్దికాలానికే అక్కడి పరిశోధనకి పెద్ద అయ్యాడు.

అక్కడ ఎత్తుకున్న పనుల్లో పెద్దది, ఆయన ఇంటి జబ్బుకి దగ్గరది, ఫోలిక్ యాసిడ్. దీని మొదటి జాడ కూడా మన దేశంలోనే కనిపించింది. 1920ల చివర్లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయిలో మిల్లు పనిచేసే గర్భిణుల రక్తహీనత చూసింది. ఈస్టు సారమైన మార్మైట్ పెడితే వాళ్లకి రక్తం పట్టింది. అందులో ఏముందో ఆవిడకి తెలియలేదు. 1941లో టెక్సస్‌లో పాలకూరలోంచి ఒక పదార్థం తీసి, ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాట మీద ఫోలిక్ అని పేరు పెట్టారు. కొలవడానికి కూడా చాలనంత కొంచెం దొరికేది. సుబ్బారావు నడిపించిన లెడర్లీ బృందం కాలేయంలోంచి వేరుచేసి, నిర్మాణం విప్పి, 1945లో ప్రయోగశాలలో తయారుచేసింది. విప్పి చూస్తే మూడు ముక్కలు. అందులో నడిమి ముక్క వుడ్స్ పట్టుకున్న ఆ పారా అమినో బెంజోయిక్ ఆమ్లమే!

సల్ఫా మందు గుట్టు అక్కడ తేలింది. క్రిమి ఫోలిక్‌ని తనే వండుకుంటుంది, ఆ వంటని సల్ఫా చెడగొడుతుంది. మనం వండుకోం, ఆకుకూరలోనో పప్పులోనో తింటాం. వంటే లేని ఇంట్లో పొయ్యి ఆర్పితే ఎవరికి నష్టం? మందు క్రిమిని చంపి మనిషిని వదిలేయడం వెనక దయాదాక్షిణ్యాలు లేవు, ఇలాంటి తేడాలే ఉంటాయి.

ఫోలిక్ యాసిడ్ స్ప్రూ రోగులకి ఇస్తే రక్తం పట్టింది. అన్నదమ్ముల చావుకీ ఈ మందుకీ మధ్య పాతికేళ్ల పైమాట.

ఈ పసుపు బిళ్ల నందినిలో అత్తయ్య ఒక్కతే వేసుకోదు. పక్కింటి పిల్లాడికి సిక్లింగ్. ఛత్తీస్‌గఢ్‌లో సికిల్ సెల్ జబ్బుని జనం అలాగే అంటారు. కొడవలిలా వంగిన ఎర్ర రక్తకణాలు త్వరగా చితికిపోతుంటాయి, ఎముకల్లోని మజ్జ కొత్తవి చేస్తూనే ఉండాలి. చెయ్యాలంటే ఫోలిక్ కావాలి. అందుకని వాడికి రోజూ ఒక బిళ్ల. వాడి జబ్బుని అది కుదర్చదు, మజ్జకి సరుకు అందిస్తుంది. మందుల్లో ఇలా లోటు పూడ్చేవి ఒక జాతి. అత్తయ్య సోమవారం మింగేది రెండో జాతి.

ఆ జాతి పుట్టింది ఒక ఎదురుదెబ్బలోంచి. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే పిల్లల ఆసుపత్రి వైద్యుడు లుకేమియా పిల్లలకి ఫోలిక్ జాతి పదార్థాలు ఇచ్చి చూశాడు. రక్తపు జబ్బు కదా, రక్తం పట్టించే మందు మేలు చేస్తుందనుకున్నాడు. ఆయన చూపుకి జబ్బు నెమ్మదించలేదు సరికదా, ఇంకా వేగం పుంజుకున్నట్టు కనిపించింది. వేరేవాళ్లయితే అక్కడ ఆపేసేవాళ్లు. ఫార్బర్ దాన్ని తిరగేశాడు. ఫోలిక్‌తో ఈ కణాలు పెరుగుతాయంటే, ఫోలిక్ అందకుండా చేస్తే? హార్వర్డు నాటి పరిచయం ఉంది, సుబ్బారావుని అడిగాడు. లెడర్లీలో ఫోలిక్‌కి నకిలీలు చెయ్యడం మొదలైంది.

ఆ నకిలీ ఎంత చిన్న మార్పో చూడండి. ఫోలిక్ యాసిడ్ అణువులో ఒక మూల ఆక్సిజన్ ఉంటుంది. అక్కడ నైట్రోజన్ ఉన్న అమినో ముక్క పెట్టారు. మిగతాదంతా ఉన్నదున్నట్టే. అది అమినోప్టెరిన్. ఇంకోచోట ఒక చిన్న మిథైల్ తగిలిస్తే మెథోట్రెక్సేట్. తాళంచెవి పంటిలో ఒక గీటు మార్చినట్టు, అంతే.

1947 డిసెంబరు చివర్లో ఫార్బర్ అమినోప్టెరిన్‌ని మొదటి పిల్లాడికి ఇచ్చాడు. 1948 జూన్‌లో అచ్చయిన వ్యాసంలో 16 మంది పిల్లల సంగతి రాశాడు. 10 మందిలో జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. తాత్కాలికంగా అన్న మాట ముఖ్యం, జబ్బు మళ్లీ వచ్చింది. కానీ పిల్లల్లో వచ్చే ఆ తీవ్రమైన లుకేమియా ఒక మందుకి ఇలా తగ్గడం అప్పటికి కొత్త సంగతి. ఆ ఏడాది ఆగస్టులో సుబ్బారావు న్యూయార్క్‌లో నిద్రలోనే పోయాడు. యాభైమూడేళ్లు.

నకిలీ ఏ తాళంలో ఇరుక్కుంటుందో తేలడానికి ఇంకో పదేళ్లు పట్టింది. కణం రెండుగా చీలాలంటే డీఎన్ఏకి నకలు తీయాలి, ఆ నకలుకి సరుకు మోసేది ఫోలిక్. ఒక్కో బరువూ దించాక దాన్ని మళ్లీ పనికొచ్చేలా సరిచేసే ఎంజైము ఒకటుంది. డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అంటారు, నోరు తిరగని పేరే. మెథోట్రెక్సేట్ ఆ ఎంజైములో పడితే వదలదు, అసలు ఫోలిక్ కన్నా ఎన్నో రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. 1970లలో ఎక్స్‌రేలతో ఆ పట్టు బొమ్మ గీశారు. నకిలీ చెవి అసలు చెవిలా కూర్చోలేదట, తల తిరగేసి కూర్చుంది. అలా తిరగబడి కూడా బాగా ఇరుక్కుంది.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. ఫిస్క్ ప్రయోగశాలలో సుబ్బారావు ఉన్న రోజుల్లోనే అక్కడ జార్జ్ హిచింగ్స్ అనే విద్యార్థి కూడా ఉండేవాడు. ఆయన తర్వాత గెర్ట్రూడ్ ఎలియన్‌తో కలిసి ఈ తాళం మీదే పనిచేశాడు. క్రిమిలోనూ ఇదే ఎంజైము ఉంది, కానీ లోపలి గాడి కొంచెం తేడా. క్రిమి గాడిలో గట్టిగా పట్టి మనిషి గాడిలో జారిపోయే చెవి ట్రైమెథోప్రిమ్. దాన్ని సల్ఫాతో కలిపితే సెప్ట్రాన్. వంటా ఆగుతుంది, వండినదాన్ని సరిచేయడమూ ఆగుతుంది. 1988లో హిచింగ్స్, ఎలియన్‌లకి జేమ్స్ బ్లాక్‌తో పాటు నోబెల్ వచ్చింది. సుబ్బారావుకి మన దేశం 1995లో, నూరేళ్లకి, తపాలా బిళ్ల వేసింది.

మనిషి కణానికి మాత్రం మెథోట్రెక్సేట్‌తో అలాంటి తేడా లేదు. మంచి కణమైనా చెడ్డ కణమైనా తాళం ఒకటే. కాబట్టి అక్కడ తేడా అంతా మోతాదుదీ, వేగానిదీ. ఎక్కువ వేగంగా చీలే కణానికి ఎక్కువ దెబ్బ. కేన్సర్‌లో పెద్ద మోతాదులు పోస్తారు. కీళ్లవాతానికి వారానికి కొన్ని మిల్లీగ్రాములు చాలు. అంత కొంచెంలో అది కణాల్ని చంపడం కన్నా, అడినోసిన్ అనే పదార్థాన్ని పెంచి వాపు తగ్గించడం మీద ఎక్కువ పనిచేస్తుందని ఇప్పుడంటున్నారు. అదే బిళ్ల, మోతాదు మారితే పనే మారిపోయింది.

వారానికి ఒకసారే ఎందుకంటే, అది ఫోలిక్ వచ్చే ద్వారం గుండానే కణంలోకి వెళ్తుంది. లోపల కణం దానికి గ్లుటామేట్ తోకలు తగిలిస్తుంది. ఫోలిక్ జారిపోకుండా చేసుకునే ఏర్పాటు అది, నకిలీకీ అదే మర్యాద జరుగుతుంది. తోకలు పడ్డాక బయటికి రాలేదు. నెత్తుట్లోది మూత్రపిండాల ద్వారా త్వరగా పోయినా కణాల్లోది రోజుల తరబడి ఉంటుంది. అది మూత్రపిండాల దారినే పోవాలి కాబట్టే, తోచిన నొప్పి బిళ్లలు మింగొద్దని డాక్టర్లు హెచ్చరిస్తారు. కొన్ని నొప్పి మందులు మూత్రపిండాల దారి అడ్డుకుంటాయి.

ఈ వారానికోసారి సంగతి నేను చదువుకుని తెలుసుకున్నది కాదు, చేసిన తప్పు వల్ల తెలుసుకున్నది. అత్తయ్య బిళ్లలు వారం పెట్టెలో సర్దే పని నాది. రెండూ పసుపు, రెండూ చిన్నవి. రేకుల్లోంచి విడదీసి ఒక సీసాలో పోసింది నేనే. ఒక వారం ఫోలిక్ ఉండాల్సిన బుధవారం గడిలోనూ, పక్క గడుల్లోనూ మెథోట్రెక్సేట్ పడింది. వరసగా మూడు రోజులు వేసుకుంది. నాలుగోరోజు పొద్దున్న ఇడ్లీ ముక్క నోట్లో పెట్టుకుని "మంటరా" అంది. నాలుక అంచులు, బుగ్గల లోపల ఎర్రగా పూసి ఉన్నాయి. నోటి లోపలి పొర రోజూ కొత్త కణాలు చేసుకునే చోటు, నకిలీ చెవి ముందు దెబ్బ తీసేది అలాంటి చోటే. ఆసుపత్రికి తీసుకెళ్తే మందు ఆపి, రక్తపరీక్ష చేసి, ఫోలినిక్ యాసిడ్ ఇచ్చారు. మామూలు ఫోలిక్ ఇస్తే అది మళ్లీ ఆ ఇరుక్కున్న తాళం ముందే నిలబడాలి. ఫోలినిక్ అప్పటికే సరిచేసిన సరుకు, పెరటి తలుపు గుండా వెళ్లిపోతుంది. కొన్ని రోజులకి నోరు మానింది. నన్ను ఎవరూ తిట్టలేదు. మామయ్య మాత్రం ఆ సీసా తీసుకెళ్లి పెరట్లో పారేశాడు.

ఇప్పుడు రేకులు విప్పం. సోమవారం మందు పప్పుల డబ్బాల వెనక, బుధవారం మందు దేవుడి గూట్లో. సోమవారం మింగగానే కేలండర్ మీద కుంకుమ బొట్టు పెడుతుంది.

మొన్న సోమవారం ఆ బిళ్లలు పట్టుకుని కూర్చుంటే సుబ్బారావు కథ చెప్పాను. కాశీ, అరటిపళ్లు, ఖద్దరు, అన్నదమ్ముల చావు, అన్నీ. బోదకాలు మందు హెట్రజాన్ కూడా ఆయన బృందానిదే అంటే తల ఊపింది. వాళ్ల ఊళ్లో బోదకాలు చూసి పెరిగిన మనిషి.

"మందు సంగతి సరే. ఆయనికి పెళ్లయిందా?"

అయిందన్నాను. శేషగిరి అని ఆవిడ పేరు. అమెరికా వెళ్లేటప్పుడు మూడేళ్లలో తిరిగొస్తానన్నాడు. వెళ్లాక కొడుకు పుట్టాడు, పసితనంలోనే పోయాడు. ఆయన మళ్లీ రాలేదు.

"ఆవిడ?"

"ఇక్కడే ఉండిపోయింది అత్తయ్యా."

అత్తయ్య చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత మూడు బిళ్లలూ ఒకేసారి నోట్లో వేసుకుని గ్లాసెత్తి నీళ్లు తాగింది. లేచి వెళ్లి కేలండర్ మీద బొట్టు పెట్టింది.

"మూడేళ్లన్నాడా?" అంది గోడ వైపు తిరిగే.